క్లారెన్స్ కల: నీళ్లలో మునిగిపోయేవాడికి మణులెందుకు కనిపించాయి?

తర్వాత చదివేవాళ్లకి కూడా సంగతి తెలియాలి కాబట్టి మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెబుతాను. షేక్‌స్పియర్ రాసిన ‘మూడో రిచర్డ్’ నాటకం, మొదటి అంకం, నాలుగో రంగం. లండన్ టవర్‌లో ఖైదీగా ఉన్న క్లారెన్స్ ప్రభువు రాత్రి తనకి వచ్చిన కలని కాపలావాడికి చెబుతాడు. కలలో సముద్రంలో పడి మునిగిపోతాడు. కాసేపటికి హంతకులు వచ్చి అతన్ని పొడిచి, వైన్ పీపాలో ముంచుతారు. గైడ్లన్నీ ‘ఈ కల రాబోయే చావుకి ముందుసూచన’ అని ఒక్క ముక్కలో తేల్చేశాయి. మీ అనుమానం ఏమిటంటే, ముందుసూచన కోసమే అయితే రెండు లైన్లు చాలు కదా, ఇంచుమించు యాభై లైన్లు ఎందుకు? ఊపిరాడక చస్తున్న మనిషి సముద్రం అడుగున బంగారం, ముత్యాలు, రత్నాలు చూస్తూ కూర్చుంటాడా? ఇదంతా కవి తన పనితనం చూపించుకోవడం కాదా?

మంచి అనుమానమే. దాన్ని పోగొట్టుకోకండి, మీ వ్యాసం అక్కడి నుంచే మొదలవ్వాలి. ఈ నాటకాన్ని చాలా ఏళ్లు పిల్లలకి చెప్పాను. నాకు చివరికి నిలిచిన అభిప్రాయం ఇది: ఆ కలకి తెలిసినంత క్లారెన్స్‌కి తెలియదు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, తెలుసు గాని మెలకువలో ఒప్పుకోడు. అతని నాలుక దాస్తున్నవాటిని అతని పదచిత్రాలు బయటపెట్టేస్తున్నాయి. ముందుసూచన అన్నది ఇందులో పైపొర మాత్రమే.

కథ కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అందదు. యార్క్ వంశంలో అప్పటికి మిగిలింది ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు రాజు నాలుగో ఎడ్వర్డ్, రెండోవాడు జార్జ్, ఇతనే క్లారెన్స్ ప్రభువు, చిన్నవాడు రిచర్డ్, గ్లాస్టర్ ప్రభువు. లాంకాస్టర్ వంశంతో జరిగిన యుద్ధాల్లో క్లారెన్స్ ఒకసారి అన్నని వదిలేసి, తన మావగారైన వారిక్ ప్రభువుతో కలిసి అవతలి పక్షానికి వెళ్లాడు. వాళ్ల తరఫున పోరాడతానని ప్రమాణం చేశాడు. తర్వాత ఆ ప్రమాణాన్నీ తప్పి మళ్లీ అన్న దగ్గరికే వచ్చేశాడు. 1471లో వారిక్ బార్నెట్ దగ్గర చనిపోయాడు, కొద్ది వారాలకే ట్యూక్స్‌బరీలో లాంకాస్టర్ యువరాజు ఎడ్వర్డ్ చచ్చిపోయాడు. షేక్‌స్పియర్ ముందటి నాటకంలో ఆ యువరాజుని ముగ్గురు అన్నదమ్ములూ తలో పోటు పొడుస్తారు. అందులో క్లారెన్స్ పోటు ఒకటి. చరిత్రలో క్లారెన్స్‌ని చంపించింది స్వయంగా రాజైన అన్నే, 1478 ఫిబ్రవరి 18న. నాటకంలో మాత్రం ఆ పని వెనక ఉన్నది తమ్ముడు రిచర్డ్. ఎవరు చేయించారో ప్రేక్షకులకి మొదటి రంగం నుంచే తెలుసు. క్లారెన్స్‌కి ఒక్కడికే తెలియదు.

ఇప్పుడు కలలోకి వద్దాం. టవర్ నుంచి తప్పించుకుని, బర్గండీకి వెళ్లే ఓడ ఎక్కినట్టు కల. పక్కన తమ్ముడు గ్లాస్టర్. గదిలో ఉన్నవాణ్ని పైకి డెక్ మీదికి రమ్మని ఊరించి తీసుకెళ్లింది అతనే. అక్కడ నిలబడి ఇద్దరూ ఇంగ్లండ్ వైపు చూస్తూ, యుద్ధకాలంలో తాము పడ్డ వెయ్యి కష్టాలు తలుచుకుంటారు. నడుస్తూ ఉండగా గ్లాస్టర్ తూలాడు. తూలి పడబోతుంటే క్లారెన్స్ పట్టుకోబోయాడు. ఆ ఊపులో గ్లాస్టర్ తగిలి, పట్టుకోబోయినవాడు సముద్రంలో పడ్డాడు.

ఇక్కడ ఆగండి. క్లారెన్స్ ‘తూలాడు’ అంటాడు. ‘తోశాడు’ అనడు.

నా దృష్టిలో ఈ మొత్తం ప్రసంగానికి కీలు ఈ ఒక్క క్రియ. కలలో ఏం జరిగిందో చూడండి: తమ్ముడే గదిలోంచి బయటికి లాగాడు, తమ్ముడే అంచు దాకా నడిపించాడు, తమ్ముడి దెబ్బకే నీళ్లలో పడ్డాడు. సాక్ష్యం అంతా అక్కడే ఉంది. అయినా కల చెప్పేవాడు దానికి పెట్టిన పేరు ప్రమాదం. పైగా తను సాయం చేయబోతూ పడ్డాడట. ఒకసారి ఈ ఘట్టాన్ని పైకి చదివిస్తుంటే ఒక కుర్రాడు ఆ లైను దగ్గర పళ్లు నూరుతూ, తమ్ముడి మీద కసి పెట్టి చదివాడు. గొంతు బాగుంది, కానీ ఆపేశాను. కసి ఉంటే ఈ పాత్రే లేదు. కాస్త జాలిగా, ‘పాపం వాడు తూలాడు’ అన్నట్టు చదవమన్నాను. గదిలో ఉన్నవాళ్లందరికీ ఒక్కసారి ఒళ్లు జలదరించింది. వినేవాళ్లకి తెలిసి చెప్పేవాడికి తెలియకపోతేనే ఆ లైనుకి బలం.

ఇదేదో నేను ఊహించి అంటున్నది కాదు. అదే రంగంలో, అతను పూర్తి మెలకువలో ఉన్నప్పుడు, హంతకుడు ‘నిన్ను చంపమని పంపింది గ్లాస్టరే’ అని మొహం మీదే చెబుతాడు. క్లారెన్స్ నమ్మడు. వాడికి నేనంటే ప్రాణం, నా గతి చూసి ఏడ్చాడు, నన్ను కావలించుకుని విడిపిస్తానని వెక్కుతూ ఒట్టేశాడు అంటాడు. ‘అవును, ఈ లోకం చెర నుంచి విడిపిస్తున్నాడుగా’ అంటాడు హంతకుడు. కలలో కళ్లారా చూసిన దాన్ని పగలు చెవిలో చెప్పినా నమ్మని మనిషి అతను.

సరే, మీ అసలు ప్రశ్న నీళ్ల కింద సంగతి.

మునిగేటప్పుడు మూడు జరుగుతాయి. ముందు చెవుల్లో నీళ్ల హోరు. తర్వాత కళ్లలో చావు దృశ్యాలు. వెయ్యి ఓడల శిథిలాలు, చేపలు కొరుక్కు తింటున్న పదివేల మంది, బంగారు దిమ్మలు, పెద్ద పెద్ద లంగర్లు, ముత్యాల కుప్పలు, వెలలేని రత్నాలు. అన్నీ సముద్రం అడుగున చెల్లాచెదురుగా పడున్నాయి. ఈ జాబితాలో క్రియలు దాదాపు ఉండవు, వస్తువు మీద వస్తువు పడుతూ పోతుంది. నీళ్లలో కిందికి జారిపోతున్నవాడి కంటికి ఒక్కోటీ ఎదురై దాటిపోతున్నట్టు ఉంటుంది. మూడోది ఊపిరి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

‘వెలలేని’ అన్న మాట నేను కావాలనే వాడాను. మూలంలోని మాటకీ మన మాటకీ ఒకే చమత్కారం ఉంది. వెల కట్టలేనంత గొప్పదని ఒక అర్థం, వెలే లేదని ఇంకో అర్థం. నీళ్ల అడుగున బంగారం కొనేవాడెవడు? క్లారెన్స్ మాట మార్చి ప్రాణాలు తీసింది అధికారం కోసం, ఆస్తి కోసం. ఆ సంపద అంతా ఇప్పుడు బురదలో పడి ఉంది. ఆ మాట అతను అనడు. జాబితా అంటుంది.

ఆ జాబితా చివర్లో వచ్చే చిత్రాన్ని మీ వ్యాసంలో కనీసం ఒక పేరా పెట్టి చూడండి. కొన్ని రత్నాలు చచ్చినవాళ్ల పుర్రెల్లో పడి ఉన్నాయి. ఒకప్పుడు కళ్లు కాపురం ఉన్న గుంటల్లోకి, కళ్లని వెక్కిరిస్తున్నట్టు, మెరిసే మణులు దూరి కూర్చున్నాయి. అక్కడి నుంచి అవి జిగట బురదతో సరసాలాడుతూ, చుట్టూ పడున్న ఎముకల్ని ఎగతాళి చేస్తున్నాయి.

కళ్ల స్థానంలో రాళ్లు. మెరుపు ఉంది, చూపు లేదు. తడి అసలే లేదు. ఇప్పుడు పుస్తకం ఒక పేజీ వెనక్కి తిప్పండి. సరిగ్గా ఈ రంగానికి ముందు, మూడో రంగం చివర, రిచర్డ్ హంతకుల్ని పంపిస్తూ వాళ్లని మెచ్చుకునే మాట ఏమిటి? తెలివితక్కువవాళ్ల కళ్లు కన్నీళ్లు రాలిస్తే మీ కళ్లు తిరగలి రాళ్లు రాలుస్తాయి అని. కంట్లోంచి రాయి! ఆ మాట గాలిలో ఉండగానే రంగం మారుతుంది, క్లారెన్స్ వచ్చి కంటిగుంటల్లో రాళ్ల గురించి చెబుతాడు. అతను ఆ మాట వినలేదు, వినే అవకాశం లేదు. ఇంకా చూడండి. ఈ రంగంలోనే తర్వాత క్లారెన్స్ ‘ఈ సంగతి గ్లాస్టర్ తలుచుకుంటే ఏడుస్తాడు’ అంటే హంతకుడు ‘ఏడుస్తాడు, తిరగలి రాళ్లు, మాకూ అలాగే ఏడవమని నేర్పాడు’ అంటాడు. రాయి, కన్ను, రాయి. కలకి ముందొకటి, కలలో ఒకటి, కల తర్వాత ఒకటి.

ఇలా ఒక పదచిత్రం ఒక పాత్ర నోట్లోంచి ఇంకో పాత్ర నోట్లోకి ప్రయాణం చేస్తే, అది ఆ పాత్ర సొంత కవిత్వమా, నాటకానిదా అన్న ప్రశ్న వస్తుంది. రెండూ అంటాను. కల క్లారెన్స్‌దే, కానీ ఆ కలకి కావలసిన సామాను రిచర్డ్ దగ్గర నుంచి వస్తోంది. నాటకం మొదట్లోనే రిచర్డ్ తన స్వగతంలో, మన ఇంటి మీద కమ్ముకున్న మబ్బులన్నీ సముద్రపు లోతుల్లో సమాధి అయ్యాయి అని గొప్పగా అంటాడు. అదే స్వగతంలో, తాగుబోతు జోస్యాలతో, కలలతో అన్నల మధ్య చిచ్చు పెట్టానని కూడా అంటాడు. అంటే కలల్ని ఆయుధంగా వాడుతున్నవాడు రిచర్డ్. సముద్రంలో సమాధి చేశామన్నవన్నీ అక్కడే భద్రంగా ఉన్నాయని చూసొచ్చినవాడు క్లారెన్స్. ‘సరసాలాడడం’ అన్న మాట కూడా ఊరికే పడలేదు. రెండు రంగాల ముందే రిచర్డ్ ఒక శవం పక్కన నిలబడి ఆన్‌ని వలపు మాటలతో ఒప్పించి, ఏ ఆడదాన్నైనా ఇలాంటి వేళ ఎవడైనా వలపించాడా అని మురిసిపోయాడు. శవాల మధ్య సరసం మనం అప్పటికే చూసేశాం. ఆ ఆన్ ఎవరనుకున్నారు? వారిక్ కూతురు, చచ్చిపోయిన ఆ యువరాజు ఎడ్వర్డ్ భార్య. ఆ మావగారూ ఆ యువరాజూ ఇద్దరూ క్లారెన్స్ కలలోకి రాబోతున్నారు.

మునిగేవాడికి ఇవన్నీ చూసే తీరిక ఉంటుందా అన్నారు. మీ ప్రశ్న షేక్‌స్పియర్‌కి ముందే తట్టింది. కాపలావాడు సరిగ్గా అదే అడుగుతాడు: ప్రాణం పోయే సమయంలో సముద్రం అడుగు రహస్యాలు చూడ్డానికి తమకి తీరిక దొరికిందా? ‘దొరికినట్టే అనిపించింది’ అంటాడు క్లారెన్స్. ఇది కవి తన తప్పు కప్పిపుచ్చుకోవడం కాదు. కలలో కాలం ఎలా సాగుతుందో తెలిసినవాడి రాత. చావాలని ఉన్నా చావు రాదు, అందుకే తీరిక. ఆ తీరికే అక్కడి శిక్ష.

‘అనిపించింది’ అన్న మాట గురించి ఒక్క నిమిషం. మూలంలో ‘మెథాట్’ అన్న మాట ఈ ప్రసంగం పొడుగునా మళ్లీ మళ్లీ వస్తుంది. మనం కల చెప్పేటప్పుడు చేసేది కూడా ఇదే. ఎవరో తరుముతున్నట్టు, నేను పరిగెడుతున్నట్టు, కాళ్లు కదలనట్టు అంటాం. వాక్యం చివర ఆ ‘ట్టు’ లేకపోతే అది కల అని వినేవాడికి తెలియదు. తెలుగులోకి చేసేవాళ్లు చాలామంది దాన్ని మొదట్లో ఒకసారి పెట్టి తర్వాత వదిలేస్తారు, చదవడానికి సాఫీగా ఉంటుందని. నాకు అది నచ్చదు. ఆ మాట ప్రతిసారీ ‘ఇది నిజం కాదు సుమా’ అని క్లారెన్స్ తనకి తాను చెప్పుకోవడం. చివరికి ఆ మందు కూడా పని చెయ్యదు. మెలకువ వచ్చాక కూడా కాసేపు తను నరకంలోనే ఉన్నానని నమ్మానంటాడు.

ఊపిరి సంగతి బాకీ ఉంది. ప్రాణం వదిలెయ్యాలని ఎన్నోసార్లు ప్రయత్నించాడట. కానీ పగబట్టిన నీళ్లు అతని ఆత్మని లోపలే అదిమిపెట్టాయి. ఖాళీగా, విశాలంగా, తిరుగుతూ ఉండే గాలిలోకి పోనివ్వలేదు. రొప్పుతున్న రొమ్ము పగిలిపోయి ఆ ప్రాణాన్ని సముద్రంలోకి కక్కేసేటట్టు అయింది. ఆ లైన్లు పైకి చదవండి. గాలి గురించి చెప్పే చోట మాటలు విశాలంగా తెరుచుకుంటాయి, రొమ్ము దగ్గరికి వచ్చేసరికి పెదాలు బిగుసుకుని పేలే అక్షరాలు వరసగా వస్తాయి. నోరే మునిగిపోతుంది. ఇక ఇతను ఇప్పుడు ఉన్నది ఎక్కడ? టవర్‌లో, బయటి గాలి ఆడని గదిలో. కల మొదట్లో టవర్ నుంచి తప్పించుకున్నాడు. కల మధ్యలో తన ఒంట్లోనే ఖైదీ అయ్యాడు.

‘అంత బాధలో మెలకువ రాలేదా?’ అంటాడు కాపలావాడు. లేదు, నా కల ప్రాణం పోయాక కూడా సాగింది, అసలు తుపాను అప్పుడే మొదలైంది అంటాడు క్లారెన్స్. గైడ్లు సాధారణంగా ఇక్కడే చేతులెత్తేస్తాయి, ఎందుకంటే ముందుసూచన మునగడంతో అయిపోయింది. నిజానికి కలలో రెండో సగమే దాని గుండె.

విషాద నది దాటతాడు. కవులు చెప్పే ఆ కటువైన పడవవాడే దాటిస్తాడు. ఎడతెగని చీకటి రాజ్యంలో అడుగుపెడతాడు. మన చదువరులకి ఇక్కడ వైతరణి గుర్తుకొస్తుంది, రానివ్వండి, కానీ వ్యాసంలో దాన్ని లాగకండి. ఇది గ్రీకు, రోమన్ కవుల పాతాళం. తమాషా ఏమిటంటే ప్రసంగం మొదట్లో ‘నేను నమ్మకమైన క్రైస్తవుణ్ని, ఇలాంటి రాత్రి ఇంకొకటి గడపను’ అని ఒట్టేసిన మనిషి వెళ్లింది ఆ పాతాళానికి. ఆ ‘నమ్మకమైన’ అన్న విశేషణం కింద గీత గీసుకోండి.

ఎందుకంటే అక్కడ మొదట ఎదురైంది వారిక్. ‘నా మావగారు, పేరుమోసిన వారిక్’ అనే చెబుతాడు, గౌరవం ఎక్కడా తగ్గదు. ఆ మావగారు అడిగేది ఒక్కటే: ప్రమాణం తప్పిన పాపానికి ఈ చీకటి రాజ్యంలో అబద్ధాల క్లారెన్స్‌కి ఏ కొరడా సరిపోతుంది? అడిగి మాయమైపోతాడు. తర్వాత దేవదూతలాంటి నీడ, మెరిసే జుట్టు నెత్తుటితో తడిసి ఉంటుంది. క్లారెన్స్ అతని పేరు చెప్పడు. చెప్పే ధైర్యం లేదని నా ఉద్దేశం. ఆ నీడే అరుస్తుంది: వచ్చాడు క్లారెన్స్, అబద్ధికుడు, నిలకడలేనివాడు, మాట తప్పినవాడు, ట్యూక్స్‌బరీ పొలంలో నన్ను పొడిచినవాడు.

పదచిత్రాల తీరు ఇక్కడ పూర్తిగా మారింది, గమనించారా? నీళ్ల కింద అన్నీ వస్తువులు, చూపు, నిశ్శబ్దం. ఇక్కడ అన్నీ గొంతులు. సముద్రం అడుగున పుర్రెలకి పేర్లు లేవు, పదివేలమందిలో ఎవరు ఎవరో తెలియదు. నరకంలో చచ్చినవాళ్లకి మొహాలొచ్చాయి, నోళ్లొచ్చాయి, అతన్ని పేరు పెట్టి పిలిచాయి. ఇద్దరూ మోపిన నేరం ప్రమాణభంగం, అది కోర్టు మాట. కల చెప్పడం అయ్యాక క్లారెన్స్ కూడా అదే భాషలోకి జారుకుని, ‘ఇప్పుడు నా ఆత్మకి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతున్న ఆ పనులన్నీ నేను చేసినవే, అన్న ఎడ్వర్డ్ కోసం చేశాను, అతను నాకు ఇచ్చిన బహుమానం చూడు’ అంటాడు. మొదటిసారి ‘నేను చేశాను’ అన్న మాట వచ్చింది. అదే ఊపిరిలో తప్పు అన్న మీదికి తోసేశాడు కూడా! పాత్ర అంటే ఇది. కల ఒప్పించినంత మేర ఒప్పుకుని, మిగతాది అలవాటు కొద్దీ దాటేశాడు.

ముందుసూచన గురించి మీరు రాయాల్సి వస్తే ఇక్కడ రాయండి. హంతకులు వచ్చాక క్లారెన్స్ ధర్మశాస్త్రం మాట్లాడతాడు, ఏ కోర్టు నాకు శిక్ష వేసింది, దేవుడి ఆజ్ఞ హత్య చెయ్యొద్దంది కదా అంటాడు. హంతకులు ఏమంటారు? నువ్వు లాంకాస్టర్ వంశం కోసం పోరాడతానని పవిత్ర ప్రమాణం చేశావు, అది తప్పావు, నీ రాజు కొడుకు పేగులు చీల్చావు. వారిక్, యువరాజు కలలో చదివిన నేరపత్రమే ఇది, అవే రెండు నేరాలు. కిరాయి మనుషుల నోట వినిపిస్తోంది, అంతే తేడా. కలలో మునగడం నిజమైంది కాబట్టి గొప్ప కాదు. కలలో జరిగిన విచారణ మెలకువలో మళ్లీ జరిగింది.

ఇంకో చిన్న సంగతి, రిచర్డ్ హంతకులకి ఇచ్చిన హెచ్చరిక. త్వరగా కానిచ్చెయ్యండి, వాడు వేడుకుంటే వినకండి, క్లారెన్స్ మాటకారి, వింటే మీ గుండెలు కరుగుతాయి అంటాడు. మరుసటి రంగంలో మనం వినేది ఆ మాటకారితనమే. కాబట్టి ‘ఇంత కవిత్వమా?’ అన్న మీ ప్రశ్నకి నాటకంలోనే ఒక సమాధానం ఉంది: ఆ మనిషి అలా మాట్లాడగలడని ముందే చెప్పారు. రెండో హంతకుడు నిజంగానే కరుగుతాడు, హత్య అయ్యాక డబ్బు కూడా వద్దంటాడు.

మిగతా కలల గురించి త్వరగా చెప్పేస్తాను. స్టాన్లీ అనే ప్రభువుకి అడవిపంది తన శిరస్త్రాణం ఊడబెరికినట్టు కల వస్తుంది, అడవిపంది రిచర్డ్ చిహ్నం. అది విని హేస్టింగ్స్ అనే ఇంకో ప్రభువు నవ్వి కొట్టిపారేస్తాడు, తల పోగొట్టుకుంటాడు. అది ఫక్తు హెచ్చరిక కల, అందులో తవ్వడానికి ఏమీ లేదు. ఐదో అంకంలో రిచర్డ్‌కి వచ్చే కల వేరు. దాన్ని అతను చెప్పడు, మనమే చూస్తాం, పదకొండు ప్రేతాలు వరసగా వచ్చి శపిస్తాయి, అందులో క్లారెన్స్ ఒకడు. లేచాక రిచర్డ్ నోట్లో వచ్చే మాట కూడా ‘ప్రమాణభంగం’ అనే. తన అంతరాత్మకి వెయ్యి నాలుకలున్నాయంటాడు. పోల్చాలనుకుంటే ఈ రెండిటినీ పోల్చండి: క్లారెన్స్ చచ్చినవాళ్ల గొంతుల్ని తన గొంతుతో పలుకుతాడు, రిచర్డ్‌కి ఆ పని చేసిపెట్టడానికి పదకొండు మంది నటులు కావాలి. లోపల చోటు ఉన్నవాడికీ లేనివాడికీ ఉన్న తేడా అది అనుకుంటాను.

మీ వ్యాసం సంగతి. ముందు మీ దగ్గరున్న ప్రతి ఏదో చూసుకోండి. 1597 నాటి క్వార్టో ప్రతిలో (ఈ ఒక్క నాటకమే చిన్న పుస్తకంగా అచ్చైనది) కల వినేది టవర్ అధికారి బ్రాకెన్‌బరీ. 1623 నాటి ఫోలియోలో (షేక్‌స్పియర్ నాటకాల పెద్ద సంపుటి) వినేది మామూలు కాపలావాడు, బ్రాకెన్‌బరీ తర్వాత వస్తాడు. నాకు ఫోలియో పద్ధతే ఇష్టం. పేరు కూడా లేని మనిషితోనే ఇలాంటివి చెప్పుకోగలం. పైగా క్లారెన్స్ అతన్ని ‘కాసేపు నా పక్కన కూర్చో, మనసు బరువుగా ఉంది, నిద్రపోతాను’ అని అడుగుతాడు. ప్రభువు కాపలావాణ్ని తోడు అడగడం అన్నమాట. మీ క్లాసులో ఒకరు క్వార్టో, ఒకరు ఫోలియో పట్టుకుని వాదించుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఇంకొకటి, ఫోలియోలో ఈ నాటకాన్ని చారిత్రక నాటకాల్లో చేర్చారు, కానీ పేరులో మాత్రం ‘ట్రాజెడీ’ అనే ఉంది. మీ టాపిక్‌లో ‘విషాద నాటకం’ అని ఉంది కాబట్టి ఎవరైనా అడిగితే ఈ సమాధానం చెప్పండి.

సముద్రం అంటే అవచేతన, ఓడ అంటే జీవితం, మణి అంటే ఆశ అని పక్కపక్కన రెండు వరసలు గీసి పట్టిక వెయ్యకండి. మార్కులు పడతాయేమో గాని ప్రసంగం చచ్చిపోతుంది. కలల శాస్త్రాన్ని తెచ్చి క్లారెన్స్‌ని పడుకోబెట్టి వైద్యం చెయ్యడం కూడా వద్దు. అతను పేషెంటు కాదు, రంగస్థలం మీద మాట్లాడే మనిషి. ఒక్కో పదచిత్రం దగ్గర ఆగి ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరికి తెలుసు? చెప్పేవాడికా, వినే కాపలావాడికా, మనకా? ‘తూలాడు’ దగ్గర ఒక జవాబు వస్తుంది, కంటిగుంటల దగ్గర ఇంకొకటి, నెత్తుటి జుట్టు దగ్గర మరొకటి. ఆ మూడు చోట్లే తీసుకోండి, మీకిచ్చిన పేజీలు చాలవు.

ఒక చోటు మాత్రం నేను కావాలనే వదిలేశాను, అది మీరే రాయండి. క్లారెన్స్ నిద్రలేచి, ఎదురుగా ఉన్నవాళ్లు ఎవరో ఇంకా తెలియకముందే, కాపలావాడు అనుకుని ఒక కప్పు వైన్ అడుగుతాడు. ‘ఇంకాసేపట్లో కావలసినంత దొరుకుతుంది, ప్రభూ’ అంటాడు హంతకుడు. సముద్రం మొత్తం ఆ కప్పులోకి ఎలా దిగిపోయిందో చూడండి.